పరంజా తీసేశాక

కాపలా మనిషి తాళం తీసి, తలుపు రెక్కలు రెండూ బార్లా తెరిచి, తను మాత్రం గడప ఇవతలే నిలబడిపోయాడు.

"ముందు మీరు వెళ్ళండమ్మా. ఈ ఇంట్లో అడుగుపెట్టినవాళ్ళు మొదట ఏమంటారో వినడం నాకు సరదా."

కోడలు లోపలికి వెళ్ళింది. ఏమీ అనలేదు. తలెత్తి పైకప్పు వంక చూసింది.

అత్త లోపలికి రాలేదు. మెట్టు మీద సంచి దించి, దాని పక్కనే తనూ కూలబడింది. బస్సు దిగిన దగ్గర్నుంచి ఆమె ఒక్క మాట మాట్లాడలేదు. ఊరు కూడా ఆమెలాగే ఉంది. మధ్యాహ్నం ఎండలో వీధి వీధంతా తలుపులు వేసుకుని కూర్చుంది. ఒక సైకిల్ రిపేరు కొట్టు, మూతపడిన టైలరు దుకాణం, గోడ మీద నిద్రపోతున్న పిల్లి. ఆ వీధి చివర, కొత్తగా సున్నం వేసిన ఈ ఇల్లు.

"ప్రయాణం బడలిక," అని తనే సర్దిచెప్పుకుని కాపలా మనిషి కోడలి వెనక లోపలికి వచ్చాడు. "వంద ఏళ్ళు దాటిన ఇల్లండి ఇది. కూలిపోతుంటే మా అమ్మగారు కొని పునరుద్ధరణ చేయించారు." ఆ మాట దగ్గర అతను బురదలో కాలు వేస్తున్నవాడిలా ఆచితూచి పలికాడు. "పునరుద్ధరణంటే మరేం లేదండి. పాతదాన్ని పీకి, కొత్తగా చేసి, మళ్ళీ పాతదానిలా కనపడేట్టు చెయ్యడం. రెండింతల చాకిరీ. దానికంటే కొత్తిల్లు కట్టుకోవడం సుఖం."

హాలు పొడుగ్గా, చల్లగా ఉంది. పైన నల్లబడిన దూలాలు. వాటి మధ్య అక్కడక్కడ కొత్త చెక్క వేసి, రంగు పట్టించి, పాతదానిలో కలిపేశారు. కొత్తగా చూసేవాళ్ళు పోల్చుకోలేరు. ఆమె వడ్రంగి పెళ్ళాం కాబట్టి ఎక్కడ పాతది ఆగి ఎక్కడ కొత్తది మొదలైందో కంటికి ఆనింది. ఈ కప్పుకి దూలాలు బిగిస్తూ ఇక్కడే ఆమె భర్త పడి చనిపోయాడు. ఏడాది దాటింది. అతన్ని ఇంటికి తెచ్చారు తప్ప, ఆమె ఈ ఊరు చూడలేదు. మొన్న బేకరీలో రొట్టెలు పొయ్యిలోకి తోసి, అవి పొంగేలోగా ఫోను చూసుకుంటుంటే, 'పాతకాలపు ఇంట్లో ప్రశాంతంగా నాలుగు రోజులు' అని ఒక ప్రకటన కనబడింది. కింద ఊరి పేరు. ఆరోజు ఒక వాయి రొట్టెలు మాడిపోయాయి.

"నేను రాను," అంది అత్త అప్పుడు. "నా కొడుకుని మింగిన ఇంట్లో నాకు నిద్రెలా పడుతుందే?" బయలుదేరే రోజు పొద్దున చూస్తే, తల దువ్వుకుని, సంచి సర్దుకుని, గుమ్మంలో తయారుగా ఉంది. ఎందుకు మనసు మారిందని కోడలు అడగలేదు. అడిగితే మళ్ళీ మారుతుందేమోనని భయం.

కాపలా మనిషి గదులన్నీ చూపించాడు. రెండు చిన్న పడకగదులు, వంటిల్లు, వెనక వసారా, పెరట్లో ఒక కొట్టం. అతను వెళ్ళిపోయాక కోడలు గుమ్మంలోకి వచ్చింది.

"లోపలికి రండి అత్తయ్యా."

"ఇక్కడ గాలి బాగుంది."

"చీకటి పడితే దోమలొస్తాయి."

"రానీ. నా ఒంట్లో వాటికేం మిగిలుందని?"

దీపాలు వెలిగే వేళకి ఆమె లేచి లోపలికి వచ్చింది. హాలు మధ్యనుంచి నడవలేదు. వానలో చూరు కింద నడిచే మనిషిలా, తల వంచుకుని, గోడ వారగా నడిచి గదిలోకి వెళ్ళిపోయింది.

కోడలు ఫోను పట్టుకుని వీధి మలుపు దాకా వెళ్ళింది. ఫోను చేసింది వ్యాను డ్రైవరు. బేకరీ రొట్టెలు దుకాణాలకి చేరవేస్తాడు. భార్య పోయి చాలా కాలమైంది. ఒక కూతురుంది. ఆర్నెల్లుగా మాటలు కలిసి, పోయిన నెల ఒకరోజు, ట్రేలు అందుకుంటూ, "నీకిష్టమైతే మనం పెళ్ళి చేసుకుందాం," అన్నాడు. ఆమె చేతిలో ట్రే వేడిగా ఉందన్న సంగతే మరిచిపోయింది. మణికట్టు మీద ఆ మచ్చ ఇంకా ఉంది.

"చెప్పావా ఆవిడకి?"

"ఇప్పుడేగా దిగింది."

"తొందరేం లేదులే. ముందుగది ఆవిడకే ఇద్దాం. ఎండ బాగా పడుతుంది, కుర్చీలు అల్లుకోవడానికి వీలుగా ఉంటుంది. మా అమ్మాయితో కూడా చెప్పాను."

మంచివాడు. ఆమెకి అదే కష్టంగా ఉంది. కాస్త చెడ్డవాడయినా కాదనడానికి ఒక వంక ఉండేది. ఇక్కడ, ఈ ఇంట్లో, భర్త ఆఖరిసారి పనిచేసిన చోట, అత్త పక్కన కూర్చుని అన్నీ చెప్పేయాలనుకుంది. మధ్యలో అతను కూడా ఉన్నట్టుంటుంది కదా అనుకుంది. ఇల్లంతా తిరిగినా అతనెక్కడా లేడు. సున్నం వాసన, రంగు వాసన, ఉతికి ఇస్త్రీ చేసిన దుప్పట్ల వాసన ఉన్నాయి. అంతే.

మర్నాడు పొద్దున్నే కాపలా మనిషి పాలూ, రొట్టే, గుడ్లూ తెచ్చాడు. అప్పటికే అత్త వెనక వసారాలో తిరగేసిన ఒక కుర్చీ ముందు కూర్చుని ఉంది. పేము కుర్చీ. అల్లిక మధ్యలో తెగి, గిన్నె పట్టేంత బొక్క పడింది. ఆమె సంచిలోంచి చిన్న కత్తీ, దబ్బనమూ తీసి, తెగిన పేము బద్దల్ని ఒక్కొక్కటే చట్రం రంధ్రాల్లోంచి పొడిచి లాగుతోంది. పుట్టింట్లో నేర్చుకున్న పని. కళ్ళు మసకబారాయి గానీ వేళ్ళకి ఆ సంగతి ఇంకా తెలియదు.

"పనిముట్లు కూడా తెచ్చారా?" అంది కోడలు.

"చేతులు ఊరుకోవు."

"అలాంటివి కొట్టంలో గుట్టలున్నాయండి," అన్నాడు కాపలా మనిషి పాలు గిన్నెలోకి వంపుతూ. "పాతవాళ్ళ సామాను. తగలెయ్యమన్నారు గానీ నాకే చెయ్యి రాలేదు." అతను మాటలపోగు. ఒక్కడే ఉండే మనిషికి వినేవాళ్ళు దొరికితే పండగే. "పాత ఇల్లనేసరికి వచ్చినవాళ్ళంతా ముందు అడిగేది దయ్యాలున్నాయా అనేనండి. పాత దయ్యాలేం లేవు, కొత్తది ఒకటుంది అంటాను."

కోడలు రొట్టె కోస్తోంది.

"నిజమేనండీ. ఈ పని జరిగేటప్పుడు వడ్రంగి ఒకడు పడి పోయాడు. తాగి నిచ్చెనెక్కాడట. తాగినవాడికి నేలే నిలవదు, ఇంక నిచ్చెనేం నిలుస్తుంది?"

కత్తి రొట్టెలో సగంలో ఆగిపోయింది. కోడలు దాన్ని పైకి తియ్యలేదు, కిందికి నొక్కలేదు. పరంజా మీద నుంచి కాదు, నిచ్చెన మీద నుంచి పడ్డాడని ఆమెకి తెలుసు. చివరిచూపుకి వచ్చిన తోటి పనివాళ్ళు గోడవారన నిలబడి చెప్పారు. ఎవరో ఇల్లు చూడ్డానికి వస్తున్నారని, హాలు విశాలంగా కనబడాలని, పని ఇంకా మిగిలుండగానే పరంజా తీయించేశారట. మిగిలిన ఆ కాస్తా నిచ్చెన వేసుకుని పూర్తిచేద్దామని ఎక్కాడు. అజాగ్రత్త అన్నాడు కాంట్రాక్టరు. ఆ మాటని ఏడాదిగా మింగలేక, కక్కలేక ఉన్నారు ఇద్దరూ. ఇప్పుడు ఈ రెండో మాట.

అత్త తల ఎత్తలేదు. దబ్బనంతో మరో బద్దని పొడిచింది.

"తాగాడని ఎవరు చెప్పారు?"

"అందరూ అనేదేనండి. నేను పనిలో చేరినప్పుడు అమ్మగారే చెప్పారు."

"నువ్వు చూశావా వాణ్ణి?"

"లేదండి. నేను తరవాత వచ్చాను."

"వాడికి దగ్గుమందే పడేది కాదు," అంది అత్త. "చెంచాడు పోస్తే తెల్లారేదాకా తల తిరుగుతోందని ఏడ్చేవాడు. పెద్దయ్యాక కూడా అంతే. ఎవరిదో పుట్టినరోజని ఒక్క గుక్క బలవంతాన పట్టిస్తే, గుమ్మంలో విడిచిన చెప్పుల నిండా కక్కాడు. మర్నాడు పొద్దున్నే వెళ్ళి అందరి చెప్పులూ కడిగిచ్చి వచ్చాడు."

కాపలా మనిషి చేతిలో పాల చెంబు వంగినట్టే ఉండిపోయింది. సన్నటి ధార గిన్నె అంచు మీద పడి, బల్ల మీదుగా కారి, నేల మీద చుక్కలు చుక్కలుగా రాలింది.

"మీరు..."

"నేను వాళ్ళమ్మని. ఆ పిల్ల వాడి పెళ్ళాం."

"అమ్మా, నాకు తెలీదమ్మా. ఒట్టు."

"తెలీదనే చెబుతున్నా. లే. ఎక్కడ పడ్డాడో చూపించు."

అతను ముందు నడిచాడు. హాలు నడిమధ్యన ఒక గుండ్రటి బల్ల, దాని మీద పూల కూజా. అతనే కూజా తీసి కిటికీలో పెట్టాడు. బల్ల పక్కకి జరిపాడు. కింద రాతి పలకలు. అన్నీ కాళ్ళ రాపిడికి నున్నబడి, మట్టిరంగులో ఉన్నాయి. రెండు మాత్రం తెల్లగా, గరుగ్గా ఉన్నాయి.

"ఇవి రెండూ తరవాత మార్చారండి," అన్నాడు. పాత పలకలు ఎందుకు మార్చవలసి వచ్చిందో అతనూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

అప్పుడు అత్త మొదటిసారి తలెత్తి పైకి చూసింది. కోడలు ఆమె వెనక్కి వచ్చి, పడిపోతే పట్టుకోవడానికి రెండు చేతులూ చాచి నిలబడింది. ఏడాదిగా ఆ గుండెల్లో గడ్డకట్టుకున్న ఏడుపు ఇప్పుడు బద్దలవుతుందనుకుంది. అత్త మెడ నొప్పిపుట్టేదాకా చూసింది.

"ఆ మధ్యలో కొత్త దూలం వాడు పెట్టిందేనా?"

"అవునత్తయ్యా. దాని దగ్గరే..."

"బాగా కుదిరింది," అంది అత్త.

అంతే అంది. వెళ్ళి కుర్చీ తెచ్చుకుని, ఆ రెండు పలకల పక్కన నేల మీద కూర్చుని, సాయంత్రం దాకా పాత అల్లిక ఊడబెరుకుతూ ఉంది. కోడలు అన్నం అక్కడికే తెచ్చి పెట్టింది. తిన్న చెయ్యి కడుక్కోవడానికి లేచినప్పుడు కూడా అత్త ఆ పలకల మీద కాలు పెట్టలేదు. చుట్టూ తిరిగి వెళ్ళింది.

కోడలూ ఏడవలేకపోయింది. గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుని, దిండులో మొహం పెట్టుకుంటే ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఒక మనిషి చేతుల్ని, అతని మోకాళ్ళ మీది మచ్చల్ని, నిద్రలో పళ్ళు కొరికే అలవాటుని, అన్నిటినీ ఊడ్చేసి ఆ ఒక్క మాట మిగిల్చారు. తాగుబోతు. వచ్చేవాళ్ళకీ పోయేవాళ్ళకీ కాఫీతోపాటు అందించే మాట. ఫోను మోగింది. ఆమె తియ్యలేదు.

మూడో రోజు ఆమె కాపలా మనిషితో, "మీ అమ్మగారిని రమ్మను. మేం వెళ్ళేలోగా ఒక్కసారి చూడాలని చెప్పు," అంది. రాదేమో అనుకుంది. రాకపోతే వాళ్ళ గుమ్మం ముందుకెళ్ళి నలుగురూ వినేట్టు అరవాలనుకుంది. ఆ మాటల్ని పొద్దుటి నుంచి లోపల నూరుకుంటోంది.

ఇంటావిడ వచ్చింది. పొట్టిగా, గొడుగు కర్రలా పట్టుకుని నడిచే మనిషి. ఆమెకి విషయం ముందే చేరినట్టుంది. తన ఇంట్లోకి తనే పరాయిదానిలా చెప్పులు విడిచి, బల్ల జరిపి ఉన్న చోటు చూసి, గుమ్మం దగ్గరే ఆగిపోయింది. అత్త నేల మీద కుర్చీ ముందు ఉంది. కూర్చోమని ఆమెకి ఎవరూ చెప్పలేదు.

"మా ఆయన తాగి పడ్డాడని మీరెలా చెప్పారు?" అంది కోడలు.

"కాంట్రాక్టరు చెప్పాడమ్మా."

"మీరు ఇంకెవర్నైనా అడిగారా?"

"లేదు."

"పరంజా ఎవరు తీయమన్నారు?"

ఇంటావిడ కళ్ళద్దాలు తీసింది. తుడిచింది. పెట్టుకోలేదు.

"నేనే. చూడ్డానికి మనుషులొస్తున్నారు, హాలంతా కర్రలడ్డం, ఆ ఒక్కరోజుకి తీయించమన్నాను. పైన పని మిగిలుందని నాకు తెలీదు. తెలుసుకోలేదు." ఆమె గొంతు అరిగిపోయినట్టుంది. "తాగి ఉన్నాడని అతను చెప్పగానే ఆ మాట గట్టిగా పట్టుకున్నాను. అది నిజమైతే నేను కాదు కదా అని. దాన్ని ఎవరికైనా చెప్పిన రోజు నాకు కాస్త నిద్ర పట్టేది. అందుకని అందరికీ చెప్పాను."

కోడలు నూరుకున్న మాటలన్నీ ఎక్కడికి పోయాయో తెలియలేదు. ఏడాదిపాటు ఆమె మనసులో ఈ మనిషికి పెద్ద ఒళ్ళు, పెద్ద గొంతు, పెద్ద నగలు ఉండేవి. ఎదురుగా ఉన్నది, కళ్ళద్దాలు లేక గోడ వెతుక్కుంటున్న ఒక ముసలామె. కొట్టడానికి ఎత్తిన చెయ్యి ఎక్కడ దించుకోవాలో తెలియనట్టయింది ఆమెకి.

"ఆ మాట ఇంకెవరితోనూ అనకండి," అని మాత్రం అనగలిగింది.

"అనను."

"అనకపోతే సరిపోయిందా?" అంది అత్త నేల మీద నుంచే. ఆమె గొంతులో కోపం లేదు. బేరం కుదరని మనిషి లేచి వెళ్ళేముందు మాట్లాడినట్టుంది. "అన్నమాట గాలిలో ఉంది. అది విన్నవాళ్ళకి కాదని ఎవరు చెబుతారు? రేపొచ్చి ఈ కప్పు కింద పడుకునేవాళ్ళకి, ఇది ఫలానావాడు నిలబెట్టాడని ఎవరు చెబుతారు? ఈ కాపలా అబ్బాయికి వాడి మొహమే తెలీదు."

అత్త మోకాళ్ళు పట్టుకుని లేచింది.

"కొట్టంలో కుర్చీలున్నాయట. చూపించండి."

కొట్టంలో కుర్చీలు కాళ్ళు పైకెత్తి ఒకదానిమీద ఒకటి పడి ఉన్నాయి. ఒక ఊయల కుర్చీ, రెండు బల్లకుర్చీలు, భోజనాల బల్ల దగ్గరివి ఎన్నో. దుమ్ము, బూజు, ఎలుకలు కొరికిన అల్లికలు. అత్త ఒక్కొక్కదాన్నీ లాగి, చట్రం మీద వేళ్ళతో కొట్టి చెవి పెట్టి వింది. కొన్నిటిని పక్కన పెట్టింది.

"కట్టె గట్టిగానే ఉంది. పేము తెప్పించండి. నేనుండి అల్లుతాను."

"అన్నీనా?" అంది ఇంటావిడ.

"అన్నీ."

"చాలా కాలం పడుతుంది కదమ్మా."

"పట్టనీ. ఆ పక్కగది చాలు నాకు. వచ్చేవాళ్ళకి వండమంటే వండుతాను. హాల్లో కూర్చునే అల్లుతాను. ఎవరైనా పైకి చూసి బాగుందంటే, ఎవరు చేశారో చెబుతాను. అది మాత్రం వద్దనకూడదు మీరు."

ఇంటావిడ రెండు చేతుల్తో గొడుగు పట్టుకుని తలూపింది. ఆ తలూపడంలో ఒప్పుకోవడం ఎంతుందో, ఇక వద్దనే హక్కు పోగొట్టుకున్న భయం ఎంతుందో కోడలికి తెలియలేదు. ఆమె అటు చూడటమే లేదు. అత్తనే చూస్తోంది. కోపం మీద అన్నదే, తెల్లారితే తగ్గుతుంది అనుకుంది.

సాయంత్రం వసారాలో అత్త పేము బద్దల్ని తొట్టిలో నానబెట్టింది. కాపలా మనిషి పక్క ఊరి దుకాణం నుంచి ముందుగా ఒక కట్ట తెచ్చి పెట్టాడు. పొద్దుటి నుంచీ అతను నోరు విప్పలేదు. ఏ పని చెప్పినా పరుగున చేస్తున్నాడు. నానిన బద్దని అత్త రంధ్రంలోంచి దూర్చి, బిగించి, ఎదుటి రంధ్రానికి లాగింది. మళ్ళీ దూర్చింది. ఖాళీ చట్రంలో నిలువు గీతలు ఒక్కొక్కటే పుడుతున్నాయి. కోడలు ఎదురుగా కూర్చుని తడి బద్దలు అందిస్తోంది.

"అత్తయ్యా, మీకొక మాట చెప్పాలి."

"ఆ వ్యాను అబ్బాయికి పిల్లలెంతమంది?"

కోడలి చేతిలోని బద్ద నేల మీద పడింది.

"ఒక కూతురు," అంది.

"పోనీలే. ఆడపిల్లయితే నీకు తోడుంటుంది." అత్త బద్దని తనే అందుకుంది. "అలా చూడకు. అతను వచ్చే రోజు నువ్వు జడ విప్పి రెండోసారి అల్లుకుంటావు. అల్లిక పని చేసేదాన్ని, ఆ మాత్రం కనబడదా నాకు?"

"నేనేమీ... ఇంకా ఏదీ ఒప్పుకోలేదు. మీతో చెప్పకుండా..."

"నీ వయసెంతని? వాడు పోయాడని నువ్వెందుకు పోవాలి? చేసుకో. నేనేమీ అనుకోను. అనుకున్నా నీకు వినబడేట్టు అనుకోను."

కోడలికి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. ముక్కు తుడుచుకుంది. ఇన్నాళ్ళ బరువు దిగిన తొందరలో గబగబా చెప్పుకుపోయింది. "మిమ్మల్ని వదిలి వెళ్ళను అత్తయ్యా. అతనే అన్నాడు, ముందుగది మీకేనని. ఎండ పడుతుందట. ఆ పిల్లకి కూడా చెప్పాడట, నానమ్మ వస్తోందని. నలుగురం..."

"ఏ వరసని?"

"ఏంటి?"

"నేను అక్కడికి ఏ వరసని రావాలే? పక్కింటివాళ్ళు ఈవిడెవరని అడిగితే అతనేం చెబుతాడు పాపం? మా ఆవిడ మొదటి మొగుడి తల్లి అనా? చెప్పేలోపు అడిగినవాళ్ళు అన్నం తిని చెయ్యి కడుక్కుంటారు." అత్త నవ్వింది. చాలా రోజుల తరవాత ఆ పళ్ళు కనబడ్డాయి. "లోకంలో ఇన్ని వరసలున్నాయి. దీనికి మాత్రం ఎవరూ పేరు పెట్టలేదు. అంటే ఏమిటి? ఉండకూడదనే."

"పేరు లేకపోతే ఏం? నేను అత్తయ్యా అంటాను."

"అంటావు. మొదట్లో రోజూ అంటావు. అతను మంచివాడు కాబట్టి అతనూ ఊరుకుంటాడు. నేను కనబడినప్పుడల్లా నీకు నా కొడుకు గుర్తొస్తాడు. నవ్వబోయి ఆగుతావు. నేను చూస్తున్నానని జడ రెండోసారి వేసుకోవు. అది నేను చూడలేను తల్లీ." ఆమె బద్ద కొసని పళ్ళతో పట్టి లాగి బిగించింది. "నాకు ఇక్కడ వరస ఉంది. కప్పు నిలబెట్టినవాడి అమ్మని. ఎవరడిగినా ఒక్క ముక్కలో చెప్పుకోగలను."

"మీరు నన్ను వదిలేస్తున్నారు," అంది కోడలు. చిన్నపిల్లలా, ఫిర్యాదులా వచ్చింది ఆ మాట. ఆమెకే సిగ్గేసింది. వదిలి వెళ్ళడానికి నెల రోజులుగా మాటలు కూర్చుకున్నది తనే.

అత్త కుర్చీ పక్కకి నెట్టింది. తడి చేతుల్తోనే కోడలి తల దగ్గరికి తీసుకుంది. అప్పుడు ఏడిచారు ఇద్దరూ. కొడుకు ఇంటికి శవమై వచ్చిన రోజు కూడా ఒకరిముందు ఒకరు ఇంత ఏడవలేదు. ఆ రోజు చుట్టూ మనుషులున్నారు. పెరటి గోడ అవతల ఎవరో బావిలో చేద వేస్తున్న చప్పుడు ఆగింది, కాసేపటికి మళ్ళీ మొదలైంది. ఆ చప్పుడుకే ముందు అత్త తేరుకుంది.

"బద్దలు ఆరిపోతున్నాయి. అందించు," అంది.

వెళ్ళే రోజు పొద్దున కోడలు సంచి సర్దుకుంటుంటే అత్త గుమ్మంలోకి వచ్చింది. "మన ఇంటి తాళంచెవి," అని చేతిలో పెట్టింది.

"ఆ తాళం నాకు లొంగుతుందా అత్తయ్యా?"

"లొంగుతుంది. రెక్క నీ వైపు లాక్కుని తిప్పు."

"వారం వారం వస్తాను."

"వారం వారం ఎందుకు, బస్సులకి తగలెయ్యడానికా? వీలైనప్పుడు రా. ఇద్దరూ రండి. వస్తే ఈ కప్పు కిందే పడుకోబెడతాను, అతనికీ చూపిస్తాను." చెప్పి, కోడలి చెంప మీద చెయ్యి వేసి, వెంటనే తీసేసింది. "వేళవుతోంది. పో."

కోడలు గేటు దాటాక వెనక్కి చూసింది. అత్త గుమ్మంలో లేదు. తెరిచి ఉన్న తలుపులోంచి హాలు మధ్యన నేల మీద వంగి ఉన్న వీపు మాత్రం కనబడింది. కాపలా మనిషి సంచి అందుకుని బస్సు దాకా వచ్చాడు. బస్సు కదులుతుండగా కిటికీ పట్టుకుని, "ఆవిడ నాకు మీ ఆయన గురించి అన్నీ చెబుతానన్నారమ్మా," అన్నాడు. "నేను చెప్పేటప్పుడు తప్పు పోకుండా."

సాయంత్రం ఎండ గోడలెక్కుతుండగా ఆమె ఇల్లు చేరింది. పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచి ఆ తాళం తను ఒక్కసారీ తీయలేదన్న సంగతి తలుపు ముందు నిలబడ్డాక తెలిసింది. ఎప్పుడొచ్చినా లోపల ఒకరుండేవారు. గొళ్ళెం తీసే చప్పుడు, 'వచ్చావా' అనే మాట ఉండేవి. పొరపాటున కూడా ఇంటికి ముందుగా తను వచ్చిన రోజు లేదు.

రెక్క తన వైపు లాక్కుని చెవి తిప్పింది. వెన్నలోకి దిగినట్టు దిగింది. బలం పెట్టడానికి సిద్ధమైన చెయ్యి తూలింది. చూసుకుంటే వేళ్ళకి నూనె. తాళానికి, గొళ్ళేనికి, తలుపు బందులకి అంతటా నిండుగా, కొత్తగా నూనె పట్టించి ఉంది.

లోపలి గదిలో అత్త మంచం గోడకి నిలబెట్టి ఉంది. పరుపు చుట్టి తాడు కట్టింది. పొయ్యి గట్టు కడిగింది. బియ్యం డబ్బా మీద, కోడలికి అందే ఎత్తులో, ఉప్పూ పప్పూ సీసాలు వరసగా సర్ది ఉన్నాయి.

కోడలు సంచి భుజాన ఉండగానే నేల మీద కూర్చుండిపోయింది. ఆ ఊరికి వెళ్ళకముందే, ఆ మాట వినకముందే, కుర్చీలు కళ్ళబడకముందే అత్త ఇవన్నీ చేసింది. తిరిగి రాకూడదనుకునే గుమ్మం దిగింది. ఆ కొట్టంలో కుర్చీలే లేకపోతే, ఆ ఇంట్లో చోటే దొరక్కపోతే, ఈ మనిషి ఎక్కడికి పోదామనుకుంది?

చేతికంటిన నూనె తుడుచుకోవడానికి ఆమెకి మనసు రాలేదు. తలుపు తెరిచే ఉంది. వీధిలో వెళ్ళేవాళ్ళెవరో లోపలికి తొంగిచూసి, "అత్తగారు లేరా?" అని అడిగారు.

"ఉన్నారు," అంది.